ఆర్డీ350: ఒక సిలిండర్ మొరాయిస్తే కార్బొరేటర్ మీద చెయ్యి వేయకముందు

యమహా ఆర్డీ350 బైకుకి ఏం వచ్చినా ముందు కార్బొరేటర్ విప్పడం ఒక అలవాటైపోయింది. మిస్సింగా, కార్బొరేటర్. రేస్ నిలబడిపోతోందా, కార్బొరేటర్. ఒక పక్క పిస్టన్ పట్టేసిందా, బోర్ కొట్టించి మళ్ళీ కార్బొరేటర్. నెల తిరక్కుండా అదే పక్క పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది, జెట్లు మార్చడం మళ్ళీ మొదలవుతుంది. ప్లగ్గు తీయడం, పాయింట్ల గ్యాప్ చూడడం, ఫ్లోట్ బౌల్ కడగడం వచ్చినవాళ్ళ కోసం ఇది. ఆ ప్రాథమిక పనులు ఇక్కడ చెప్పడం లేదు.

బండి సంగతి రెండు ముక్కల్లో. 1973లో యమహా తెచ్చిన ఆర్డీ350ది 347 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్. పక్కపక్కనే రెండు సిలిండర్లు, 64 మి.మీ. బోరు, 54 మి.మీ. స్ట్రోకు, రీడ్ వాల్వు (మిశ్రమాన్ని లోపలికే పోనిచ్చి వెనక్కి రానివ్వని సన్న ఆకులు). జపాన్ బండికి 39 హార్స్‌పవర్ చెప్పేవారు. మన దగ్గర 1983లో ఎస్కార్ట్స్ దీన్నే రాజ్‌దూత్ 350గా తెచ్చినప్పుడు ముందు డిస్కు తీసి డ్రమ్ పెట్టారు, పవర్ కూడా తగ్గించారు. హెచ్‌టీ (హై టార్క్) అనే మొదటి రకానికి 30.5, తర్వాత వచ్చిన ఎల్‌టీకి (లో టార్క్) 27 దరిదాపు. అందుకే జపాన్ బండి కోసం రాసిన జెట్ నంబర్లు తెచ్చి మన ఎల్‌టీలో వేయకండి. పోర్టులు వేరు, సైలెన్సర్ వేరు. మీ బండి హెచ్‌టీనా ఎల్‌టీనా తేల్చుకోకుండా పికప్ లేదని గొడవ పెట్టుకోవడం కూడా వృథా.

ఇంకొక్క సంగతి గుర్తుంటే చాలు. క్రాంక్ 180 డిగ్రీలది, ఒక పిస్టన్ పైనున్నప్పుడు రెండోది కింద ఉంటుంది. రెండు పిస్టన్ల కింద ఉన్న గదులు దేనికవే. ప్రతి గదీ తన సిలిండర్‌కి పంపులా పనిచేస్తుంది. పిస్టన్ పైకి లేస్తే కార్బొరేటర్ నుంచి మిశ్రమాన్ని లాగుతుంది, దిగితే దాన్ని పైకి తోస్తుంది. ఈ గదికి గాలి తగలని బందోబస్తు ఉంటేనే కార్బొరేటర్ లెక్క లెక్క.

విప్పకముందు: బ్యాటరీ, తర్వాత ఎడమా కుడీ మార్పిడి

ఆర్‌ఎక్స్100 మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. ఆర్‌ఎక్స్100 బ్యాటరీ లేకపోయినా కిక్కు కొడితే లేస్తుంది. ఆర్డీది బ్యాటరీ ఇగ్నిషన్. కాయిళ్ళకి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి. పైగా ఆల్టర్నేటర్ ఫీల్డ్ కాయిల్‌కి కూడా మొదట కరెంటు ఇచ్చేది బ్యాటరీయే. కాబట్టి బ్యాటరీ చచ్చిపోతే తోసి స్టార్ట్ చేసినా సరిగ్గా లేవదు, లేచినా హెడ్‌లైట్ వేయగానే మిస్సింగ్ మొదలు.

తాళం తిప్పి, హెడ్‌లైట్ వేసి, బ్యాటరీ కాళ్ళ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 11.5 వోల్టుల కింద ఉంటే మిగతా పరీక్షలన్నీ ఆపి ముందు ఛార్జింగ్ పెట్టించండి. దీనికి వేయాల్సింది 12 వోల్టు 5.5 ఏహెచ్ బ్యాటరీ. ఇంజన్ 2500 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంటే 14 నుంచి 15 మధ్య చూపాలి. చూపకపోతే ఫ్యూజ్, స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో తిరగని భాగం) మీది బ్రష్‌లు, స్లిప్ రింగుల మీద మసి, రెగ్యులేటర్, ఈ వరసలో చూడండి. చాలాసార్లు బ్రష్‌ల దగ్గరే ఆగిపోతుంది పని. తాళం ఆన్‌లో వదిలేసి గంటల తరబడి వెతుకుతూ కూర్చోవద్దు. పాయింట్లు కలిసి ఉన్న వైపు కాయిల్ వేడెక్కి పోతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది.

బ్యాటరీ బాగుందని తేలాక, రెండు సిలిండర్ల బండి మీకిచ్చే ఉచిత వరాన్ని వాడుకోండి. పక్కనే పనిచేస్తున్న ఇంకో సిలిండర్ ఉంది. మీకు అనుమానమున్న ప్రతి వస్తువుకీ నమూనా అక్కడే దొరుకుతుంది. డబ్బులు పెట్టి కొత్తది తెచ్చి వేసి చూసే ముందు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి.

మొదట ప్లగ్గులు. ఎన్‌జీకే బీ8హెచ్‌ఎస్ రకం, గ్యాప్ 0.5 నుంచి 0.6 మి.మీ. తర్వాత ప్లగ్గు క్యాపులు. ఆ తర్వాత కాయిళ్ళు. ఇక్కడ జాగ్రత్త: లావు వైరు ఒక్కటే మార్చితే ప్లగ్గు 180 డిగ్రీల తేడాతో మండుతుంది, బండి అసలు లేవదు, కాయిల్ పోయిందని మీరు అనుకుంటారు. పాయింట్ల నుంచి కాయిల్‌కి వచ్చే సన్న వైరుని, ప్లగ్గుకి వెళ్ళే లావు వైరుని, రెంటినీ కలిపి మార్చాలి. చివర్న పైలట్ జెట్, మెయిన్ జెట్. కార్బొరేటర్ బాడీలు చోక్ అమరికలో తేడాగా ఉంటాయి, వాటిని మార్చే పని పెట్టుకోవద్దు, జెట్లు మారిస్తే సరిపోతుంది.

లోపం కూడా పక్కకి మారితే దొరికినట్టే, ఆ వస్తువు మార్చేయండి. మారకుండా అదే పక్క కూర్చుంటే ఇక పాయింట్లు, కంప్రెషన్, రీడ్లు, గాలి లీకేజీ, వీటిలో ఒకటి. కంప్రెషన్ మీటర్ పెట్టినప్పుడు అంకె ఎంతుందని చూడకండి, మీటర్‌ని బట్టి అది మారుతుంది. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కిక్కర్ అన్నే సార్లు కొట్టి, రెండు పక్కల తేడా 15 పీఎస్ఐ దాటిందా లేదా అన్నది చూడండి. దాటితే రింగులు, బోరు.

లక్షణం: మిస్సింగ్, ఒక పక్కే, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా

పాయింట్లు. గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య. టైమింగ్ పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి 2.0 మి.మీ. ముందు, రెండు పక్కలా అదే. కంటికి కనబడే గీతని నమ్మకుండా ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి సెట్ చేయండి. పిస్టన్ పూర్తిగా పైనున్నప్పుడు గేజ్ సున్నా దగ్గర పెట్టి, క్రాంక్‌ని వెనక్కి 2.5 మి.మీ. దాకా తిప్పి, మళ్ళీ మెల్లగా ముందుకి తెస్తే సరిగ్గా 2.0 దగ్గర, పాయింట్లకి కలిపిన టెస్ట్ బల్బు మారాలి. వెనక్కి తిప్పుతూ చదివితే ఆటలో తేడా వస్తుంది. గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. గ్యాప్ మారిస్తే టైమింగ్ దానంతటదే మారిపోతుంది కాబట్టి తలకిందులుగా చేస్తే రెండుసార్లు చేయాలి.

వేడెక్కాకే మిస్సింగ్ వచ్చి, చల్లారాక పోతుంటే కండెన్సర్. పాయింట్ల మధ్య నీలిమంట గట్టిగా కనబడుతుంది, కొన్ని రోజుల్లోనే పాయింట్ల ముఖం గుంట పడుతుంది.

ఇప్పుడు అసలు మాట. పాయింట్లు శుభ్రం చేశారు, బండి బాగైంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ అదే మిస్సింగ్. మళ్ళీ పాయింట్లు నల్లగా, జిడ్డుగా. మళ్ళీ శుభ్రం చేస్తే మళ్ళీ బాగైంది. ఇలా రెండోసారి జరిగితే లోపం పాయింట్లలో లేదు. కింది భాగం చదవండి.

లక్షణం: రేస్ వదిలినా ఆర్‌పీఎమ్ దిగదు, ఎడమ పక్క వేడి, ఎడమ పిస్టనే పడుతుంది

కారణం: ఎడమ పక్క క్రాంక్ ఆయిల్ సీలు (క్రాంక్ బయటికొచ్చే చోట ఆ గదిని మూసి ఉంచే రబ్బరు చుట్టు) గాలి లాగుతోంది.

ఆర్డీని ఎక్కువసార్లు బోరింగ్ షాపుకి తీసుకెళ్ళేది ఇదే. ఇన్నాళ్ళు దొరక్కుండా తప్పించుకోవడానికి కారణం, ఇది కనబడే తీరు. కుడి పక్క సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి లాక్కుని కుడి సైలెన్సర్ నుంచి తెల్లపొగ కక్కుతుంది, వీధి చివరివాడికి కూడా తెలుస్తుంది. ఎడమ సీలు అవతల ఉన్నది ఆల్టర్నేటర్, పాయింట్లు. అక్కడ ఆయిల్ లేదు, గాలి మాత్రమే ఉంది. సీలు లాగేది ఆ గాలినే. పొగ రాదు, కింద చుక్క పడదు, శబ్దం మారదు. కార్బొరేటర్ కొలిచి ఇచ్చిన మిశ్రమంలో కొలతకి దొరకని గాలి కలిసి పల్చనైపోతుంది. పల్చని మిశ్రమం వేడిగా మండుతుంది. పైగా టూ స్ట్రోక్‌లో లోపలికి వచ్చే పెట్రోలే పిస్టన్‌ని కొంత చల్లబరుస్తుంది కనుక పెట్రోలు తగ్గితే ఆ చల్లదనమూ తగ్గుతుంది.

అది ఎలా మోసం చేస్తుందో వరసగా చూడండి. పిస్టన్ పైకి లేచేటప్పుడు సీలు గాలి లాగుతుంది సరే, పిస్టన్ దిగేటప్పుడు అదే సందులోంచి లోపలి మిశ్రమాన్ని కొంచెం బయటికి ఊదుతుంది. పెట్రోలు ఆవిరైపోతుంది, అందులోని 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) మాత్రం స్టేటర్ ప్లేటు వెనక సన్నని పొరలా పేరుకుంటుంది. ఆ పొర పాయింట్ల మీదికి చేరుతుంది. మిస్సింగ్ వస్తుంది. మీరు పాయింట్లు తుడుస్తారు, బండి బాగవుతుంది, కారణం పాయింట్లే అని నిర్ధారణ చేసేసుకుంటారు. సీలు మాత్రం రోజురోజుకీ ఇంకొంచెం గాలి లాగుతూనే ఉంటుంది.

రెండో మోసం ఇంకా ప్రమాదం. ఐడిలింగ్ సరిగ్గా లేదని మెకానిక్ ఎయిర్ స్క్రూ బిగిస్తాడు, అదీ చాలక పైలట్ జెట్ పెద్దది వేస్తాడు. ఐడిలింగ్ చక్కగా వస్తుంది. ఊళ్ళో తిరిగినంత సేపూ బాగుంటుంది. హైవే మీద 90లో పది నిమిషాలు పోయాక పైలట్ జెట్‌కి అక్కడ పని లేదు, లీకేజీ గాలి మాత్రం ఉంది. థ్రాటిల్ మూసిన క్షణంలో ఎడమ పిస్టన్ పట్టేస్తుంది. ఆర్డీ నడిపేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీద ఉండాలని పాతవాళ్ళు చెప్పేది ఊరికే కాదు.

విప్పకుండానే అనుమానించడానికి గుర్తులివి. చల్లటి ఇంజన్ బాగా లేస్తుంది. వేడెక్కాక ఖాళీగా రేస్ ఇచ్చి వదిలితే 2500 దగ్గర వేలాడి, తీరిగ్గా 1200-1300కి దిగుతుంది. అలా వేలాడుతున్నప్పుడు చోక్ లాగితే వెంటనే దిగి సాఫీగా తిరుగుతుంది. ఎయిర్ స్క్రూ మామూలుగా ఒకటిన్నర నుంచి ఒకటి ముప్పావు చుట్టు బయటికి ఉండాలి, ఎడమ పక్క మాత్రం అర చుట్టు లోపలికి బిగిస్తే తప్ప బాగుండదు. ఎడమ ప్లగ్గు తెల్లగా, కుడిది కాఫీ రంగులో. వీటిలో మూడు కనబడితే కార్బొరేటర్ స్క్రూడ్రైవర్ డబ్బాలో పెట్టేసి ఎడమ కవర్ విప్పండి. స్టేటర్ ప్లేటు కింది అంచున వేలు పెట్టి తీయండి. పొడిగా, బొగ్గుపొడిలా దుమ్ము అంటితే అది బ్రష్‌లది, పర్వాలేదు. వేలికి జారుడుగా, పెట్రోలు వాసనతో నల్లటి జిడ్డు అంటితే సీలు సంగతి ముప్పాతిక తేలిపోయింది.

ఇంజన్ ఆన్‌లో పెట్టి కార్బ్ క్లీనర్ కొట్టి ఆర్‌పీఎమ్ మారుతుందా చూసే పద్ధతి ఒకటుంది. ఎడమ కవర్ లోపల దాన్ని ఎప్పుడూ చేయకండి. అక్కడ పాయింట్లు నిప్పురవ్వలు కొడుతూ ఉంటాయి. ఇంటేక్ రబ్బర్ల దగ్గరైనా క్లీనర్ బదులు ఇస్త్రీ బట్టలమీద కొట్టే నీళ్ళ స్ప్రే వాడండి, ఆర్‌పీఎమ్ తడబడితే అక్కడ పగులు ఉన్నట్టే.

ఖాయంగా తేల్చేది ప్రెషర్ పరీక్ష ఒక్కటే. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మెడికల్ షాపుల్లో దొరికే, చేత్తో నొక్కే గుండ్రటి మీటర్ ఉన్న బీపీ మిషన్ చాలు. దాని బల్బూ మీటరూ తీసుకోండి, చేతికి చుట్టే గుడ్డ అవసరం లేదు. మీటర్ మీద 300 అంటే సుమారు 5.8 పీఎస్ఐ. ఈ పరీక్షకి కావలసింది 6 పీఎస్ఐ, సరిగ్గా సరిపోయింది. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకండి. 10 దాటితే బాగున్న సీలు కూడా కదిలిపోతుంది.

చేసే విధానం: కార్బొరేటర్లు, సైలెన్సర్లు తీసేయండి. ప్లగ్గులు బిగించే ఉంచండి. ఎగ్జాస్ట్ నోళ్ళకి పాత ట్యూబు ముక్క అడ్డం పెట్టి, దాని మీద మందపాటి రేకు పెట్టి, ఉన్న బోల్టులతోనే బిగించండి. ఒక ఇంటేక్ రబ్బర్‌లో సరిపడే రబ్బర్ బిరడా దూర్చి క్లిప్పు బిగించండి. రెండో రబ్బర్‌లో మధ్యలో సన్న గొట్టం పెట్టిన బిరడా పెట్టి దానికి బీపీ బల్బు కలపండి. ఆయిల్ పంపు నుంచి వచ్చే సన్న గొట్టాలు మీ బండిలో ఇంటేక్ దగ్గర కలుస్తుంటే ఆ రంధ్రాలు కూడా మూయాలి. గాలి తప్పకుండా ఇంటేక్ వైపు నుంచే పంపండి. ప్లగ్గు రంధ్రం నుంచి పంపితే రీడ్లు మూసుకుని, రబ్బర్లూ రీడ్ ప్యాకింగులూ పరీక్షకి రాకుండా తప్పించుకుంటాయి.

రెండు పక్కలా ఒకేసారి మూయమనడానికి కారణం, మధ్యలో ఉన్నది లాబరింత్ సీలు. అది రబ్బరు కాదు, గీతలున్న లోహపు చుట్టు. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు ఆపుతుంది కానీ నిలకడ గాలిని ఆపదు. ఒక పక్కే మూసి పరీక్షిస్తే రెండో పక్క నుంచి గాలి పోయి, లేని లీకేజీ ఉన్నట్టు కనబడుతుంది. ఎడమ ఇంటేక్‌లో పంపి ఒకసారి, కుడిలో పంపి ఒకసారి చేయండి. ప్రతిసారీ ఎడమ పిస్టన్ కింద ఉంచి ఒకసారి, కుడిది కింద ఉంచి ఒకసారి చూడండి.

మీటర్ 280 దాకా ఎక్కించి గడియారం చూడండి. ఆరు నిమిషాల్లో కొంచెం దిగడం మామూలే. నిమిషానికి 50 దాటి దిగితే, అంటే దాదాపు ఒక పీఎస్ఐ, ఇంజన్ తిరగడానికి పనికిరాదు. బల్బు మీది స్క్రూ, గొట్టం అతుకు కారుతున్నాయేమో ముందే చూసుకోండి. బీపీ మిషన్ పాతదైతే సగం సార్లు అదే దొంగ.

దిగుతుంటే సబ్బు నీళ్ళు. ఇంటేక్ రబ్బర్లు, రీడ్ బ్లాక్ ప్యాకింగ్, సిలిండర్ కింది ప్యాకింగ్, హెడ్ అంచు, క్రాంక్ కేసు అతుకు, ఈ వరసలో బ్రష్‌తో పూయండి. ఎడమ సీలు చూడాలంటే రోటరూ (ఆల్టర్నేటర్‌లో తిరిగే భాగం) స్టేటరూ తీయాల్సిందే. రోటర్‌ని పుల్లర్ బోల్టుతోనే తీయండి, సుత్తి దెబ్బలకి క్రాంక్ అలైన్‌మెంట్ పోతుంది. తీశాక సీలు పెదవి చుట్టూ పూస్తే బుడగలు వరసగా వస్తాయి. కుడి సీలు సంగతి తెలియాలంటే గేర్‌బాక్స్ ఆయిల్ పోసే రంధ్రం మీద సబ్బు పొర పట్టించండి, బ్రీదర్ గొట్టం నోరు వేలితో మూయండి. ఆ పొర ఉబ్బుతుంటే కుడి సీలు పోయింది.

సీలు మార్చే ముందు ఒక పని. ఇదే అందరూ వదిలేసేది, అందుకే కొత్త సీలు కూడా ఆరు నెలలకి పోతుంది. రోటర్ ఉండగానే దాన్ని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. చిటుకుమన్నా, చేతికి ఆట తెలిసినా ఎడమ మెయిన్ బేరింగ్ పోయింది. క్రాంక్ చివర వణుకుతుంటే ఏ సీలూ ఆగదు. అదే చివర పాయింట్ల క్యామ్ కూడా ఉంది కనుక, పాయింట్ల గ్యాప్ కొలిచిన ప్రతిసారీ వేరే అంకె చూపిస్తుంటే అది కూడా ఈ బేరింగ్ గుర్తే. ఆట ఉంటే ఇంజన్ దించాలి, క్రాంక్‌ని బేరింగ్‌లతో సహా తిరిగి కట్టించాలి. వేరే దారి లేదు.

ఆట లేకపోతే సీలు వరకే పని. ఇక్కడ కూడా తొందర వద్దు. సీలు బయటి అంచున కేసు గాడిలో కూర్చునే గట్టు ఉందేమో చూడండి. ఉంటే కేసు విడదీయకుండా అది బయటికి రాదు, కొత్తది లోపలికీ పోదు. బలవంతంగా పీకితే కేసు గాడి విరుగుతుంది. గట్టు లేని రకమైతే సీలు ముఖానికి చిన్న రంధ్రం పెట్టి, స్క్రూ ఎక్కించి, ప్లయర్‌తో లాగండి. డ్రిల్ లోతుకి పోకుండా మొనకి టేపు చుట్టుకోవాలి, వెనకే బేరింగ్ ఉంది.

కొత్త సీలు తెచ్చేటప్పుడు పాత దాని మీది కొలతలు చదివి, పక్కన పెట్టి పోల్చండి. దొరికితే గోధుమరంగు వైటాన్ రబ్బరుది తీసుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, ఇరవై శాతం ఇథనాల్. 1980లలో చేసిన రబ్బర్లు దానికోసం పుట్టలేదు, నల్లరబ్బరు సీళ్ళు కొంత కాలానికి గట్టిపడటమో ఉబ్బటమో జరుగుతుంది. క్రాంక్ మీద సీలు తిరిగే చోట గోరుతో గీసి చూడండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలుని పాత చోటే కాకుండా అర మి.మీ. లోపలికో బయటికో కూర్చోబెట్టాలి. స్ప్రింగు కనబడే ముఖం క్రాంక్ గది వైపు. క్రాంక్ కొసన ఉన్న కీ గాడి అంచు బ్లేడులా ఉంటుంది, దాని మీద సెల్లోటేపు ఒక చుట్టు వేసి, పెదవికి 2టీ ఆయిల్ రాసి ఎక్కించండి. టేపు లేకుండా ఎక్కిస్తే కొత్త సీలు మొదటి కిక్కుకి ముందే తెగి ఉంటుంది.

బిగించాక మళ్ళీ ప్రెషర్ పరీక్ష చేసి అప్పుడే కార్బొరేటర్లు ఎక్కించండి. లీకేజీని కప్పెట్టడానికి వేసిన పెద్ద జెట్లన్నీ తీసి అసలువి వేయండి, ఎయిర్ స్క్రూ ఒకటిన్నర చుట్టుకి తేండి. పాయింట్లు, స్టేటర్ వెనక జిడ్డు పెట్రోలుతో తుడిచి, పూర్తిగా ఆరాకే తాళం తిప్పండి. ఈ20 వల్ల మిశ్రమం అసలే కొంచెం పల్చన కనుక, అన్నీ సరిగ్గా ఉండి ప్లగ్గు ఇంకా లేతగా ఉంటే నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దింపండి, మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి. అంతకు మించితే మళ్ళీ ఎక్కడో గాలి ఉంది.

లక్షణం: తెల్లపొగ

పొద్దున్నే లేచినప్పుడు రెండు నిమిషాల పొగ టూ స్ట్రోక్‌కి సహజం. వారం నిలబెట్టిన బండి మొదటి కిక్కులకి గుప్పుమని పొగ కక్కి, రెండు కిలోమీటర్లలో తగ్గిపోతే ఆయిల్ పంపు చెక్ వాల్వుల నుంచి 2టీ మెల్లగా కింది గదిలోకి కారింది. శుభ్రం చేస్తే చాలు.

వేడెక్కినా తగ్గకుండా కుడి సైలెన్సర్ నుంచే వస్తూ, కుడి ప్లగ్గు తడిగా నల్లగా ఉంటే గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచి చూడండి. పోసింది 1.6 లీటర్లు, నెల తర్వాత దించితే 1.2 వస్తే మిగతాది ఎక్కడికి పోయిందో చెప్పనక్కర్లేదు. కుడి క్రాంక్ సీలు. ఆయిల్ పంపు మీద నింద వేసి దాన్ని తగ్గించడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు, దాంతో పొగ ఆగదు కానీ పిస్టన్ పట్టేస్తుంది. పంపు కనీస స్ట్రోకు 0.20 నుంచి 0.25 మి.మీ. ఉండాలి, దాన్ని షిమ్‌లతో (సన్నటి వాషర్లు) సరిచేయండి. పంపు పుల్లీ గుర్తూ, కార్బొరేటర్ స్లైడ్ గుర్తూ కలిసేలా కేబుల్ సరిచేయండి. ఆయిల్ గొట్టాలు విప్పిన ప్రతిసారీ, ఆయిల్ ట్యాంక్ ఎండిన ప్రతిసారీ పంపు గాలి తీయాలి. గాలి తీయకుండా బయల్దేరేటట్టయితే పెట్రోలు ట్యాంకులో లీటరుకి 30 మి.లీ. 2టీ కలిపి ఆ ట్యాంకు అయ్యేదాకా నడపండి.

లక్షణం: పికప్ లేదు, 5000 దాటదు

సైలెన్సర్ లోపలి బాఫిల్ తీసి చూడండి. మసి పట్టి రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. కాస్టిక్ సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి బ్రష్ చేస్తే సరి (చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, అల్యూమినియం వస్తువేదీ ఆ నీళ్ళలో వేయొద్దు). ఇది చాలా బండ్లలో ఉండే కారణమని చూడకుండానే చెప్పాలనిపిస్తుంది, కానీ చూసిన తర్వాతే జెట్ల జోలికి వెళ్ళండి.

కార్బొరేటర్ నోట్లోంచి పెట్రోలు ఆవిరి వెనక్కి ఊదుతుంటే రీడ్ ఆకులు. బ్లాక్ విప్పి వెలుగుకి ఎదురుగా పట్టండి, ఆకుకీ సీటుకీ మధ్య 0.3 మి.మీ. దాటి వెలుతురు కనబడకూడదు. మూల విరిగిన ఆకు ఉంటే విరిగిన ముక్క ఎక్కడుందో దొరికేదాకా ఇంజన్ తిప్పొద్దు.

ఆర్‌పీఎమ్ ఎక్కుతోంది కానీ బండి కదలడం లేదంటే క్లచ్. అంతే.

ఎల్‌టీ బండి అయితే హెచ్‌టీ లాగా లాగదు. లోపం కాదు.

లక్షణం: పిస్టన్ పట్టేసింది, ఏ పక్కన గీతలున్నాయి

సిలిండర్ ఎత్తాక పిస్టన్ చూసి కారణం చదవండి. నాలుగు మూలలా సన్న గీతలుంటే బోరు బిగుతుగా ఉంది లేదా చల్లటి ఇంజన్‌ని తరిమారు. పిస్టన్‌కీ బోరుకీ సందు 0.04 నుంచి 0.05 మి.మీ. ఉండాలి, బోరింగ్ షాపువాడికి పిస్టన్ చేతికిచ్చి దాన్నే కొలిచి కోయమనండి, సైజు నంబర్ చెప్పి కోయిస్తే తేడా వస్తుంది. 0.25 నుంచి 1.00 దాకా ఓవర్‌సైజులు నాలుగు ఉంటాయి. ఎగ్జాస్ట్ వైపే గట్టిగా రాసుకుని, పై అంచు కరిగినట్టుంటే పల్చని మిశ్రమం లేదా టైమింగ్ ముందుంది. అది ఎడమ పిస్టన్ అయితే పై భాగంలో చెప్పిన ప్రెషర్ పరీక్ష చేయకుండా కొత్త పిస్టన్ ఎక్కించకండి. ఆ డబ్బు మళ్ళీ పెట్టాల్సి వస్తుంది.

అరుదుగా వచ్చేవి

అయిదారు కిలోమీటర్లు పోయి ఆగిపోయి, కాసేపాగితే మళ్ళీ లేస్తుంటే ట్యాంకు మూత గాలి రంధ్రం. మూత తెరిస్తే ఉస్సుమంటుంది, సూదితో పొడవండి. లాబరింత్ సీలు అరిగి రెండు పక్కలు కలిసిపోవడం బేరింగ్‌లు పూర్తిగా పోయాకే జరుగుతుంది, అప్పటికి క్రాంక్ ఎలాగూ బయటికొస్తుంది. హెడ్ పగుళ్ళు, కేసు పగుళ్ళు ప్రెషర్ పరీక్షలో సబ్బు బుడగలతో వాటంతటవే బయటపడతాయి, వాటికోసం ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు. వర్షంలో మాత్రమే మిస్సింగ్ వస్తే ప్లగ్గు క్యాపులు మార్చండి.